వరుసలో నిలబడితేనే తెలిసే చరిత్ర

డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో పక్కనున్న మనిషి కూడా మంచులో కనిపించడు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాళ్లు కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతారట! పర్యాటకులు చలిమంట దగ్గర టీ తాగి, ఫొటోలు దిగి, ఎక్కడైనా గిరిజనుల థింసా ఆట కనబడితే నాలుగు అడుగులు వేసి కొండ దిగిపోతారు. ఆ నాలుగు అడుగుల దగ్గరే మనం ఆగాలి.

థింసాలో ఒక్కో ఆటకు ఒక్కో పేరు. ఊరి దేవత కొలుపుకు బోడ థింసా. ఆకులు ఏరే పనికి పొతర్ తోల థింసా. పులి ఎదురైతే ఏం చేయాలో చెప్పేది బాగ్ థింసా. డప్పు, తుడుము, మోరి మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు అల్లుకుని కదులుతారు. ఒకరి కాలు తడబడితే వరుసంతా ఊగుతుంది. ఆ ఊపు వీడియోలో కనిపిస్తుంది కానీ, ఎందుకొచ్చిందో వరుసలో నిలబడ్డ వీపుకే తెలుస్తుంది.

కళను ప్రదర్శించడమే పరిశోధన అంటే విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ కొందరు నొసలు ముడుస్తారు. తెలుగునేల మీద ఆ పని ఏనాడో జరిగింది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ 13వ శతాబ్దపు జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని, రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకుని పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. శిల్పంలో ఉండేది ఒక్క క్షణం. ఆ భంగిమలోకి కాలు ఎలా వచ్చింది, అందులోంచి ఎలా బయటపడింది అన్నది రాయి చెప్పదు. ఆయనా, ఆయన శిష్యులూ ఆడి ఆడి ఆ జవాబు వెతికారు. కాకతీయుల నాటి ఆట అచ్చంగా ఇదేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. అయినా, ఆడి చూడకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

పేరిణికి గ్రంథం ఉంది, గుడి ఉంది. థింసాకు ఉన్నది మనుషులే. అందుకే ఇక్కడ తొందర ఎక్కువ.

జనంతో కలిసి ఆడి తెలుసుకోవడం బయటి దేశాల్లోనూ జరిగింది. 1985లో థాయ్‌లాండ్‌లోని బాన్ వినాయ్ శరణార్థి శిబిరంలో అమెరికా పరిశోధకుడు డ్వైట్ కాంకర్‌గుడ్ మోంగ్ కొండజాతి జనంతో కలిసి ఆరోగ్య నాటకాలు కట్టారు. కుక్కలకు రేబిస్ టీకా వేయించండని అధికారులు చెబితే కదలని జనం, పులి వేషంతో, కోడి వేషంతో ఊరేగింపు వచ్చాక కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చారు. కోడి మాటకు అంత విలువెందుకో వాళ్ల నమ్మకాలు తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

మరి మన మన్యం సంగతి? అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. అంతకుముందే రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చేయించిన వెట్టిచాకిరీ ఆ తిరుగుబాటు నిప్పు రాజేసింది. బాస్టియన్ పేరు దస్తావేజుల్లో భద్రంగా ఉంది. రాళ్లు మోసిన వాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయి?

ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియానికి ప్రభుత్వం ఎంచుకున్న చోటు లంబసింగి పక్కనున్న తాజంగి. అక్కడ విల్లంబులు పెట్టాలి, నిజమే. ఆ బరువు మోసిన నడకను కూడా పెట్టాలి. దానికి పరిశోధకులు ముందు వరుస చివర నిలబడి అడుగు నేర్చుకోవాలి. తర్వాత ఊరివాళ్లతో కలిసి ఆ రోడ్డు పనిని కొండదారి మీదే ఆడి చూడాలి. ‘అలా కాదు, ఇలా’ అని దిద్దే హక్కు ఊరి పెద్దలది. ఈ పని మీద రేపు అచ్చయ్యే పుస్తకం అట్ట మీద, రచయితలుగా, వాళ్ల పేర్లు ఉండాలి.