మందు సీసా మీది లేబుల్ చదువుదాం

తుకుంలో మన తెలుగువారి ఇళ్లలో ఏ ఇంటికి వెళ్లినా వంటింటి అలమారలో ఒక అర మందులకే కేటాయించి ఉంటుంది. త్రిఫల చూర్ణం డబ్బా, దశమూలారిష్టం సీసా, తలనొప్పి బామ్, మంచిర్యాలకో కరీంనగర్‌కో వెళ్లినప్పుడు తెచ్చుకొన్న లేహ్యం, వాటి పక్కన పేరూ ఊరూ లేని ఒకటి రెండు పొట్లాలు. బొగ్గు గనులకని, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకని, థర్మల్ పవర్ స్టేషన్‌కని మన పెద్దలు ఇక్కడికి వచ్చినప్పుడు భాషతోపాటు ఈ అలవాటునూ వెంట తెచ్చుకొన్నారు. సంతోషమే. అయితే ఆ అరలో ఉన్న ప్రతి డబ్బా మీదా ఏం రాసి ఉందో ఇంట్లో ఎంతమంది చదివారన్నదే ప్రశ్న.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో ఉద్యోగం చేసుకొంటున్నవాణ్ణి. చెక్కు చేతికొస్తే తేదీ, మొత్తం, సంతకం చూడందే పక్కకు పెట్టను. మందు లేబుల్‌ను కూడా అదే కంటితో చూడడం అలవాటైంది. ఎవరు తయారు చేశారు, ఎప్పుడు చేశారు, అందులో ఏమేం వేశారు అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని మందు, సంతకం లేని చెక్కులాంటిదే.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో మందుల చట్టం 1940 నాటిది. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల కోసం అందులో ప్రత్యేక అధ్యాయాన్ని 1964లో చేర్చారు. దాని కింద ఉన్న నిబంధనల్లో 161వది లేబుల్‌కు సంబంధించినది. దాని ప్రకారం మందు పేరు, అందులోని దినుసులన్నీ వాటి పరిమాణాలతో సహా, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, నికర తూకం, ఆయుర్వేద మందు అన్న మాట కనిపించేలా ఉండాలి. దినుసులు మరీ ఎక్కువైతే విడిగా కాగితం మీద అచ్చువేసి డబ్బాలో పెట్టి, ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలి. పైపూతకు మాత్రమే వాడే మందైతే ఆ మాటా రాయాలి.

నాభి, ముష్టి గింజలు, ఉమ్మెత్త, నల్లజీడి, పాదరసం లాంటివి శుద్ధి చేసి వాడే మందులు మన వైద్యంలో ఉన్నాయి. వీటికి ప్రభుత్వం వేరే పట్టిక పెట్టింది. ఇవి కలిసిన మందుల మీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలనే హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండి తీరాలి. వాడకం గడువుకు సంబంధించిన నిబంధన 2009లో వచ్చింది. చూర్ణాలకు రెండేళ్లు, అరిష్టాలకు పదేళ్లు. చూర్ణం ఎంత పాతబడితే అంత మంచిదనుకొని దాచుకొనేవారు ఈ తేడా గమనించాలి.

శాస్త్రోక్తమైన మందు అనిపించుకోవాలంటే చట్టం గుర్తించిన గ్రంథాల్లో ఉన్న పద్ధతిలోనే తయారు చెయ్యాలి. చరక, సుశ్రుత సంహితలతోపాటు మన తెలుగునాట వైద్యులు తరతరాలుగా వాడిన బసవరాజీయం కూడా ఆ పట్టికలో ఉందని తెలిసి నాకు చాలా సంతోషమైంది.

వస వేరు, వాసా వేరు

ఇతర రాష్ట్రాల్లో ఉన్న మనకు ఇంకో చిక్కు ఉంది. తిప్పతీగను ఇక్కడివాళ్లు గుళవేల్ అంటారు, హిందీవాళ్లు గిలోయ్ అంటారు. కరక్కాయ వీళ్లకు హిరడా, తానికాయ బెహడా, వాము ఓవా. ఇంతవరకు అడిగి తెలుసుకోవచ్చు. ఒకే మాటలా వినిపించి వేరే మొక్క అయినప్పుడే ప్రమాదం. పసిపిల్లలకు మన అమ్మమ్మలు అరగదీసి నాకించే వస మరాఠీలో వేఖండ్. దగ్గు మందు సీసా మీద కనిపించే వాసా మాత్రం మన అడ్డసరం, మరాఠీలో అడుళసా. దీర్ఘం ఒక్కటే తేడా అనుకొని ఒకదానికి బదులు ఇంకొకటి కొంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ తికమకకు మందు వృక్షశాస్త్రం పెట్టిన లాటిన్ పేరు. వస ఎకోరస్ కలామస్, అడ్డసరం అధతోడా వసికా. ఈ పేర్లు తెలుగు డాక్టరుకూ మరాఠీ డాక్టరుకూ ఒక్కటే. కరోనా రోజుల్లో ఎంతోమంది తిప్పతీగ కషాయం తాగారు. అది తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ఒక వైద్య పత్రికలో రాశారు. తిప్పతీగ టినోస్పోరా కార్డిఫోలియా అనీ, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా లాంటివి వాడి ఉండవచ్చనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఎవరి వాదం సరైనదో తేల్చడం నా పని కాదు. లేబుల్ మీద మొక్క పూర్తి పేరు ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

పేరు లేని పొడి

మా పెద్ద వదినకు మోకాళ్ల నొప్పులు. నాలుగేళ్ల కిందట ఎవరో చెబితే ఒక సంతలో అమ్మే పొడి తెప్పించుకొంది. ప్లాస్టిక్ కవరు, దాని మీద ఒక్క అక్షరం లేదు. అంతా చెట్ల మందే, ఏ చెడూ చెయ్యదు అన్నాడట అమ్మినవాడు. మూడు రోజుల్లో నొప్పి మాయమైంది. రెండు నెలలయ్యేసరికి మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది. డాక్టరుగారు మొదట అడిగింది ఒకటే, “వదినగారు తింటున్నదాంట్లో ఏముంది?” అని. మేం కవరు చూపించాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలా వెంటనే పనిచేసే పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతుంటారని అనుమానపడ్డారు. ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనట. రక్తపరీక్షలు చేయిస్తూ నెమ్మదిగా సరిదిద్దారు. వదిన కోలుకొంది. ఆ పొడి అమ్మినవాడు మళ్లీ ఆ సంతకు రాలేదు. ఎవరిని అడగాలో, ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో తెలిపే ఒక్క నంబరైనా మా చేతిలో లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తన దగ్గరికి వచ్చే రోగికి తానే నూరి ఇచ్చే వైద్యునికి ఈ లైసెన్సు నిబంధనలనుంచి చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆయన పొట్లం మీద లేబుల్ లేకపోయినా ఆయనకొక ఇల్లుంది, పేరుంది. రేపు వెళ్లి అడగవచ్చు. సంతలో అమ్మి వెళ్లిపోయేవాడి సంగతి అలా కాదు.

పేరు పెట్టి అమ్మడం ఎంత గొప్ప విషయమో మహారాష్ట్రలో ఉన్న తెలుగువాళ్లం మనం మరిచిపోకూడదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనాన్ని ప్రారంభించింది 1893లో, ముంబయిలోనే. అప్పటికి ఈ చట్టాలేవీ లేవు. పేరునుబట్టే జనం కొన్నారు, ఆ పేరుమీదే అది ఇంటింటికీ చేరింది.

కొనేముందు

మునగాకు పొడి లాంటి కొన్ని ప్యాకెట్ల మీద ఆయుర్వేద లైసెన్సుకు బదులు ఆహార సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు ఉంటుంది. అది ఆహారమని అర్థం. దాన్ని మందుగా నమ్మి అసలు మందు మానుకోవద్దు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అందువల్ల అలాంటి హామీ పెద్ద అక్షరాల్లో ఉన్న డబ్బాను చూస్తే మరింత జాగ్రత్త పడాలి. అరిష్టాలు పులియబెట్టి చేస్తారు గనుక వాటిలో కొంత ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగి తీసుకోవడం మంచిది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు లేహ్యాలూ చూర్ణాలూ కట్టి పంపే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్టు 2004లో వెల్లడైంది. బ్రిటన్‌లో 2011 నుంచి, తయారు చేసి అమ్మే మూలికా మందులకు అనుమతి తప్పనిసరి. పంపేముందు లేబుల్ ఉన్నదే పంపండి.

చివరగా ఒక సూచన. హెచ్చరికలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటాయి. మన ఇళ్లలో ఆ మందులు మింగే పెద్దలకు వచ్చింది తెలుగు. మన పిల్లలకు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మూడూ వచ్చు, చాలామందికి తెలుగు చదవడం రాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మనవడో మనవరాలో డబ్బాలన్నీ ముందేసుకొని చదివి వినిపిస్తే, తాతయ్యో నానమ్మో మందు పేరు, దేనికి, ఎంత, ఏ తేదీదాకా అన్నవి తెలుగులో చిన్న చీటీ మీద రాసి అసలు లేబుల్ కనబడేలా పక్కన అంటించవచ్చు. పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు వస్తాయి, పెద్దలకు ఏం మింగుతున్నారో తెలుస్తుంది. చదివినా ఏమిటో తేలని పొట్లం కనిపిస్తే, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా సరే, డాక్టరుకు చూపించేదాకా అలమారలోకి పోనివ్వకండి.