గురువు, కాఫీహోటలు, పాత సంగీతపుస్తకాల దుకాణం: పాబ్లో కసాల్స్ సెల్లో శిక్షణ

వ్యాససంగ్రహం:
కాటలోనియాకు చెందిన సెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ (1876–1973) బాల్యం నుంచి 1899 వరకు పొందిన శిక్షణను, తొలినాటి వృత్తిజీవితాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన గురువును మించి తనంత తానే ఎదిగాడన్న ప్రసిద్ధిలో సత్యమెంత అన్న ప్రశ్నను ఇందులో పరిశీలించాను.

కీలకపదాలు: సెల్లో, కసాల్స్, బార్సిలోనా, గురుశిష్య సంబంధం, ఆత్మకథనం.

1. ప్రవేశిక

వయొలిన్‌ను మనం వాయులీనం అని పిలుచుకున్నాం. దాని కుటుంబానికే చెందిన సెల్లోకు తెలుగులో అటువంటి పేరు స్థిరపడలేదు. వాద్యకారుడు కూర్చొని, వాద్యాన్ని మోకాళ్ళ మధ్య నిలిపి కమానుతో పలికిస్తాడు. వయొలిన్ కంటే మంద్రమైన నాదం.

కసాల్స్ తొలిదశను గురించి ప్రచారంలో ఉన్న కథల్లో అధికభాగం ఆయన వృద్ధాప్యంలో చెప్పినవే. ఆల్బర్ట్ కాన్ గ్రంథస్థం చేసిన ‘జాయ్స్ అండ్ సారోస్’ 1970లో వెలువడేనాటికి ఆయన వయస్సు తొంభై దాటింది. కాబట్టి ఆ కథనాన్ని వాస్తవాల పట్టికగా కాక, ఒక కళాకారుడు తన విద్యను తాను అర్థం చేసుకున్న తీరుగా చదవాలి.

2. వెండ్రెల్ నుంచి బార్సిలోనాకు

కసాల్స్ 1876 డిసెంబరు 29న వెండ్రెల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కార్లెస్ చర్చిలో ఆర్గాన్ వాద్యకారుడు. స్వరజ్ఞానం ఆయన వద్దనే అబ్బింది. కొడుకు కోసం తండ్రి ఎండిన సొరకాయ బుర్రతో ఒక తంత్రీవాద్యాన్ని చేయించి ఇచ్చాడు. తంబురాకు బుర్ర అమర్చే దేశంలో పుట్టిన మనకు ఈ ముచ్చట వింతగా తోచదు. అయినా సంగీతం కూడు పెట్టదని తండ్రికి స్వానుభవం. పిల్లవాణ్ణి వడ్రంగం పనిలో పెట్టాలనుకున్నాడు. తల్లి పిలార్ అంగీకరించలేదు. 1888లో ఆమె కొడుకును వెంటబెట్టుకొని బార్సిలోనా వెళ్ళి, పురపాలక సంగీత పాఠశాలలో చేర్పించింది.

అక్కడి గురువు జోసెప్ గార్సియా. అంతకుముందు ఆయన వెండ్రెల్‌లో వాయించినప్పుడే బాలుడు సెల్లోను తొలిసారి విని ముగ్ధుడయ్యాడు.

3. చంకలో పుస్తకం

ఆనాటి బోధనలో కుడి మోచేయి శరీరానికి అంటుకొని ఉండాలి. చేయి కదలకుండా విద్యార్థి చంకలో పుస్తకం ఇరికించుకొని సాధన చేసేవాడు. దీనివల్ల కమాను భారమంతా మణికట్టు మీదనే పడుతుంది, నాదం పొడవునా సమంగా సాగదు. కసాల్స్ భుజం నుంచి చేతిని విడుదల చేశాడు. ఎడమచేతి విషయంలోనూ అంతే. ప్రతి స్వరానికీ చేతిని తీగ మీద పైకీ కిందికీ జార్చే అలవాటును తగ్గించి, వేళ్ళను విస్తరించి స్వరాలను అందుకున్నాడు. జారుడు శబ్దం తగ్గి స్వరస్థానం నిక్కచ్చిగా పలికింది.

ఈ మార్పులను చూపి గార్సియాను ఛాందసుడిగా చిత్రించడం పరిపాటి. నాకు అది అన్యాయంగా తోస్తుంది. విడిచిపెట్టవలసిన పద్ధతిని ముందుగా క్షుణ్ణంగా నేర్పినవాడు ఆయనే. 1896లో పాఠశాలలో ఆయన విడిచిన స్థానంలోనే శిష్యుడు అధ్యాపకుడయ్యాడు.

4. కాఫీహోటలు, దుకాణం

విద్యార్థిదశలోనే కసాల్స్ గ్రాసియా ప్రాంతంలోని కఫే టోస్ట్‌లో ముగ్గురి బృందంలో చేరి రాత్రిళ్ళు వాయించేవాడు. శ్రోతలు కోరేది తేలికపాటి సంగీతం. వారానికి ఒక రాత్రి శాస్త్రీయ సంగీతానికి కేటాయించేలా యజమానిని ఒప్పించాడు. స్వరకర్త అల్బేనిజ్ ఆయన వాదనాన్ని విన్నది ఈ హోటల్లోనే. 1890లో ఒక పాత సంగీతపుస్తకాల దుకాణంలో బాహ్ రచించిన ఆరు సెల్లో సూట్ల ప్రతి దొరికింది. అప్పటికి వాటిని ఎక్కువగా అభ్యాసపాఠాలుగానే చూసేవారు. వేదికపై వాయించడానికి ముందు పన్నెండేళ్ళు సాధన చేశానని కసాల్స్ చెప్పుకున్నాడు.

5. మాడ్రిడ్, బ్రస్సెల్స్, పారిస్

అల్బేనిజ్ ఇచ్చిన పరిచయలేఖతో మాడ్రిడ్‌లో మోర్ఫీ ప్రభువు ఆశ్రయం, ఆయన ద్వారా రాణి మరియా క్రిస్టినా నుంచి నెలకు 250 పెసెటాల భృతి లభించాయి. అక్కడ మొనస్తేరియో వద్ద బృందవాదనం నేర్చుకున్నాడు. 1895లో బ్రస్సెల్స్ పంపితే, అక్కడి సెల్లో ఆచార్యుడు ముందు ఎగతాళి చేసి, వాదనం విన్న తరువాత తన తరగతిలో చేరమన్నాడట. కసాల్స్ తిరస్కరించి పారిస్ వెళ్ళిపోయాడు. భృతి ఆగిపోయింది. ఫోలీ మారిన్యీ నాటకశాలలో రెండవ సెల్లో వాద్యకారుడిగా కుదిరాడు. తల్లి కుట్టుపని చేసింది, జుట్టు కూడా అమ్ముకుంది. ఆ గర్వానికి మూల్యం చెల్లించింది ప్రధానంగా ఆమె అన్న సంగతిని జీవితచరిత్రలు ఒకటి రెండు వాక్యాల్లో దాటవేస్తాయి.

బార్సిలోనాకు తిరిగివచ్చాక అధ్యాపకత్వంతోపాటు లిసేయు సంగీతనాటకశాలలో ప్రధాన సెల్లో వాద్యకారుడి స్థానం దక్కింది. 1899లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో, ఆ ఏడాది నవంబరులో పారిస్‌లో లామురూ వాద్యబృందంతో లాలో కన్చెర్టో వాయించి యూరప్ దృష్టిని ఆకర్షించాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారమే చూస్తే, అప్పటికి బాహ్ సూట్లు ఇంకా సాధనగదిని దాటలేదు.