గాలికి వంగని చుట్టిల్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాల సొంత కట్టడం చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దానిమీద గొడుగులా తాటాకు కప్పు. దీనికి కావలసిన మట్టి, వరిగడ్డి, వెదురు, తాటిచెట్టు అన్నీ ఊళ్లోవే. ఖర్చులో ఎక్కువ భాగం మనిషి రెక్కల కష్టమే.

మట్టిని నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్లతో బాగా తొక్కి ముద్దలు చేస్తారు. ఒక వరస పెట్టి, అది ఆరాకే రెండో వరస ఎత్తుతారు. తొందరపడితే గోడ పగులుతుంది. గోడ లేచాక పేడతో అలుకుతారు. గోడ నుంచి నడినెత్తికి తాటి వాసాలు చేర్చి, అడ్డంగా వెదురు బద్దలు కట్టి, పైన ఆకు నేస్తారు. పెద్దవాళ్లు వంగి వెళ్లాల్సినంత కిందికి దిగే చూరు వానజల్లు నుంచి మట్టిగోడను కాపాడుతుంది. మందపాటి గోడ వల్ల ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటాయి. తిత్లీ గాలుల వేగం గంటకు 140 కిలోమీటర్లు దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఇలాంటి గాలి తక్కువ వాలున్న రేకుల కప్పును పైకి లాగి ఎగరేస్తుంది. చుట్టింటికి మూలలు లేవు కాబట్టి గాలి గోడ పక్కలనుంచి జారిపోతుంది. ఏటవాలు కప్పు మీద ఆ లాగుడు తక్కువ.

అలాగని అందరూ తాటాకు ఇళ్లకు తిరిగి వెళ్లాలనడం అన్యాయం. తాటాకుకు నిప్పు భయం ఉంది, కొన్నేళ్లకోసారి మళ్లీ నేయించాలి. పేదవాడు పక్కా ఇల్లు కోరుకోవడం న్యాయమే. అయితే ఆ ఇల్లు దేనితో కడుతున్నామన్నది చూడాలి. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే ఈ వాయువు బయటపడుతుంది. ఇటుక బట్టీలు పొలాల పైమట్టిని తినేస్తాయి.

ఈ సమస్యలకు ఒక మంచి జవాబు పక్కనున్న విశాఖలోనే పుట్టింది. ఇన్స్వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుక చేసే 'ఫాల్-జి' పద్ధతిని రూపొందించారు. ఈ ఇటుకను కాల్చక్కర్లేదు. నీళ్లతో తడుపుతుంటే గట్టిపడుతుంది. బూడిదకూ కొరత లేదు, విశాఖ దగ్గరి పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది.

విజయనగరం దగ్గరి గుంకలాంలో 2020 డిసెంబరులో 12 వేలకు పైగా ఇళ్ల స్థలాలతో కాలనీ మొదలైంది. అంత పెద్ద కాలనీలో ఇంటిని ఏ నమూనాలో కడతామన్నది చాలా ముఖ్యం. గోడకు బూడిద ఇటుక, ఎండ తగలనివ్వని వెడల్పాటి చూరు, ఎదురెదురు కిటికీలు, గాలికి ఎగరకుండా గోడలతో గట్టిగా బిగించిన కప్పు ఏ పక్కా ఇంటికైనా పెట్టుకోవచ్చు. ఇల్లు కట్టబోయేవారు పునాది తవ్వకముందే తాపీమేస్త్రితో ఈ నాలుగు విషయాలూ మాట్లాడుకోవాలి.