అమీనా జప్తుకు వచ్చినపుడు

మదనపల్లె వైపు టమాటా ధర పడిపోయిన ఏట అప్పు తీరక కోర్టు డిక్రీ దాక పోవుట కొత్త సంగతి కాదు. డిక్రీ వెనుక జప్తు వారంటు, దానిని చేతబట్టుకొని అమీనా వచ్చును. ఆయనను చూచి హడలిపోయి అడిగినదెల్ల ఇచ్చివేయు రైతులున్నారు. కర్ర తీసికొని ఎదురుపోవువారును ఉన్నారు. రెండును నష్టమే. అమీనా కోర్టు ఉద్యోగి. ఆయన పనికి అడ్డుపడుట నేరము. కాని ఆయన అధికారము వారంటులో వ్రాసినంతవరకే.

మొదట వారంటు చూపుమని మర్యాదగా అడుగవలెను. కోర్టు ముద్ర, సంతకము, గడువు తేదీ ఉన్నవేమో చూచి కేసు నంబరు వ్రాసికొనవలెను. ఫైనాన్సు కంపెనీల తరపున బాకీ వసూలుకు తిరుగువారు అమీనాలు కారు. వారి చేత కోర్టు వారంటు ఉండదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 62వ సెక్షను ప్రకారము ప్రొద్దు గ్రుంకిన తరువాత, ప్రొద్దు పొడువక ముందు జప్తుకై కాపురమున్న ఇంటిలో ప్రవేశింపరాదు.

అదే కోడు 60వ సెక్షను రైతుకు పెద్ద అండ. వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, మంగళసూత్రము, సేద్యపు పనిముట్లు, రైతు కాపురమున్న ఇల్లు జప్తు చేయరాదు. ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన అప్పు సంగతి వేరు. దానికి వకీలును అడుగవలెను. పశువులు, విత్తనపు గింజల విషయములో మాత్రము బ్రతుకుతెరువుకు అవసరమని కోర్టు తలచినంత మేరకే రక్షణ. తగాదా వచ్చునది ఇక్కడనే. కాడెద్దులు కావలెనని చెప్పుట తేలిక. ఇంట పుంగనూరు పొట్టి ఆవు ఉన్నచో అప్పిచ్చినవాని కన్ను మొదట దానిమీదనే పడును. అది అవసరమా కాదా అని తేల్చునది కోర్టే గాని అమీనా కాదు. దాని పాలు, పేడ, దూడల మీద సంసారమెట్లు సాగుచున్నదో అర్జీలో వివరముగా వ్రాయవలెను. కుప్పం వైపు పట్టుపురుగులు పెంచువారు తట్టలు, చంద్రికలను గూర్చియు ఇట్లే చెప్పుకొనవలెను.

నిలువ ఉండని పైరును కోతకు 20 రోజులలోపు జప్తు చేయరాదని 21వ ఆర్డరు 45వ రూలు. టమాటా ఒక్క కోతతో ముగియునది కాదు. గడువును మొదటి కోతనుండి లెక్కించుటయే న్యాయమని మా ఉద్దేశము. వకీలు ఆ వాదము వినిపింపవలెను.

జప్తు చేసిన వస్తువుల జాబితా చదివించుకొనక, ఖాళీ కాగితముపై సంతకము గాని వేలిముద్ర గాని వేయరాదు. ఖర్చులని అమీనా చేతికి ఒక్క రూపాయియు ఇవ్వనక్కరలేదు. బాకీ సొమ్మును కోర్టులో కట్టి రసీదు పొందవలెను. బయట చెల్లించినది కోర్టులో నమోదు కానిచో లెక్కకు రాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లను కోర్టులున్నవి. వారంటు పంపిన కోర్టుకే అర్జీ పెట్టవలెను. జప్తు చెల్లదనునది ఒక అర్జీ. అమీనా నడవడిపై ఫిర్యాదు మరొకటి. రెంటిని కలుపరాదు. ఫిర్యాదు నకలు జిల్లా జడ్జిగారికి పంపవచ్చును. "దౌర్జన్యము చేసినాడు" అని వ్రాసిన చాలదు. తేదీ, వేళ, అన్న మాటలు, చూచినవారి పేర్లు ఉండవలెను. లంచమడిగినచో అవినీతి నిరోధక శాఖకు తెలుపవలెను. 1987 నాటి చట్టము క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలును ఇత్తురు. ఇతర పేదలకును ఇత్తురు. కోర్టులోని న్యాయసేవా కమిటీలో అడుగవలెను.

ఆలస్యము చేయరాదు. పశువులు, సామాను వంటి చరాస్తికి వేలము ప్రకటన అతికించిన 7 రోజులకే పాట జరుగవచ్చును. పాట ముగిసినచో, పాట నడిపిన తీరులో లోపమున్నను నష్టపరిహారమునకు దావా వేయవలసినదే గాని ఎద్దులు తిరిగి రావు.