పదేళ్ల నాటి రెజ్యూమేను మళ్లీ తెరుస్తున్నారా?

పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడు ఉద్యోగం మానేసిన అమ్మలు చాలామంది, వాళ్లు ఐదో తరగతికో ఆరో తరగతికో వచ్చేసరికి మళ్లీ పనిలో చేరాలనుకుంటారు. స్కూల్ బస్సు వెళ్లిపోయాక పగలంతా కాస్త ఖాళీ దొరుకుతుంది. ఇంట్లో రెండో జీతం అవసరం కూడా కనిపిస్తుంటుంది.

అప్పుడు పాత ఈమెయిల్‌లో రెజ్యూమే వెతుకుతారు. ఫోన్ నంబరు, చిరునామా మార్చి పది చోట్లకు పంపుతారు. పిలుపు రాకపోతే, 'ఇన్నేళ్లు ఇంట్లో ఉన్నాను, ఇక నన్నెవరు తీసుకుంటారు' అని వదిలేస్తారు. విరామం ఒక అడ్డంకే. కానీ చాలాసార్లు అంతకంటే పెద్ద అడ్డంకి, రెజ్యూమే పదేళ్ల క్రితమే ఆగిపోయి ఉండటం. దాన్ని ఈనాటికి తీసుకురావడం మీ చేతిలో పనే.

బీకాం చదివి, విజయవాడలో ఒక హోల్‌సేల్ వ్యాపారంలో నాలుగేళ్లు అకౌంట్స్ చూసి, 2016లో మానేసిన ఒక అమ్మను ఉదాహరణగా తీసుకుందాం. మీరు టీచరైనా, ల్యాబ్ టెక్నీషియనైనా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవారైనా పద్ధతి ఇదే. ఇంటి బాధ్యతల కోసం ఉద్యోగం మానిన నాన్నలకూ ఇదే వర్తిస్తుంది.

ముందు ప్రకటన, తర్వాత రెజ్యూమే

మీరు చేయాలనుకునే ఉద్యోగానికి వచ్చిన ప్రకటనలు నాలుగైదు సేకరించండి. అన్నింట్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటల కింద గీత గీయండి. అకౌంట్స్ ఉద్యోగమైతే జీఎస్టీ రిటర్నులు, ట్యాలీ ప్రైమ్, టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్, ఎక్సెల్ కనిపిస్తాయి. వాటిని ఒక కాగితం మీద మూడు వరుసలుగా విడదీయండి: నాకు వచ్చినవి, పేరు మారినవి, కొత్తగా నేర్చుకోవాల్సినవి.

మన ఉదాహరణలోని అమ్మ రెజ్యూమేలో 'వ్యాట్ 200 రిటర్నులు', 'ట్యాలీ ఈఆర్‌పీ 9' అని ఉంటాయి. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. ట్యాలీ ప్రైమ్ 2020లో వచ్చింది. అందుకే ఆ రెండు మాటలు చూడగానే, ఈమె అప్పటి నుంచి ఈ పని ముట్టుకోలేదని చదివేవారు అనుకుంటారు. నిజానికి బిల్లులు సరిచూడటం, కొన్న సరుకు మీద కట్టిన పన్నును అమ్మకం పన్నులో సర్దుబాటు చేయడం, గడువు దాటకుండా రిటర్ను వేయడం ఆమెకు తెలిసిన పనులే. నేర్చుకోవాల్సింది కొత్త విధానం: నెలవారీ రిటర్నులు వేసేవారు అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1ను తర్వాతి నెల 11వ తేదీలోగా, పన్ను చెల్లింపుతో 3బీని 20వ తేదీలోగా ఎలా దాఖలు చేస్తారు, కొనుగోళ్లను 2బీతో ఎలా సరిపోలుస్తారు అన్నవి.

ముందు నేర్చుకోండి, తర్వాతే రెజ్యూమేలో రాయండి. ట్యాలీ ప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో డబ్బు కట్టకుండానే సాధన చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం ఫీజు ఉంటుంది. కోర్సు మధ్యలో ఉంటే 'ప్రస్తుతం నేర్చుకుంటున్నాను' అని రాయడంలో తప్పులేదు.

చేసిన పనిని కనబడేలా రాయండి

రెజ్యూమే ఇంగ్లిష్‌లోనే రాస్తారు. అయినా ముందు తెలుగులో ఆలోచించుకుంటే విషయం తేటగా వస్తుంది.

పాత వాక్యం: 'అకౌంట్స్ పనులన్నీ చూసుకునేదాన్ని.'

కొత్త వాక్యం: 'రోజుకు సుమారు 60 అమ్మకం బిల్లులు ట్యాలీలో నమోదు చేశాను. నాలుగేళ్లపాటు నెలవారీ వ్యాట్ రిటర్నులు తయారుచేశాను. మూడు బ్యాంకు ఖాతాలను ప్రతి నెలా సరిచూశాను.'

రెండో దాన్ని చదివితే మీకు ఏ పని అప్పగించవచ్చో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో అడిగితే వివరించగల అంకెలే రాయండి. గుర్తులేని అంకె వదిలేయండి.

పేజీ పైభాగంలో నాలుగు వరుసలు ముఖ్యం: మీరు ఏ పని చేయగలరు, ఎన్నేళ్ల అనుభవం, ఈమధ్య ఏం నేర్చుకున్నారు, ఎప్పటి నుంచి చేరగలరు. 'పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం పొంది...' అంటూ మొదలయ్యే కెరీర్ ఆబ్జెక్టివ్ తీసేసి, ఆ చోటు వీటికి ఇవ్వండి.

విరామాన్ని దాచకండి

నెలలు తీసేసి సంవత్సరాలే రాయడం, మానేసిన తేదీని రెండేళ్లు ముందుకు జరపడం చాలామందికి తట్టే ఉపాయాలు. పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేసి ఉంటే మీరు చేరిన, మానిన తేదీలు యూఏఎన్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీలో ఉంటాయి. చాలా సంస్థలు వాటితో సరిచూసుకుంటాయి. ఆఫర్ వచ్చాక తేడా బయటపడితే ఉద్యోగం పోవచ్చు. పోయిన నమ్మకం తిరిగి రావడం ఇంకా కష్టం.

ఒక్క వరుస చాలు: '2016 మే నుంచి: పిల్లల పెంపకం కోసం విరామం. ఇప్పుడు పూర్తి సమయం పనికి సిద్ధం.' క్షమాపణలు అక్కర్లేదు, సుదీర్ఘ వివరణా అక్కర్లేదు. మెటర్నిటీ లీవ్ కాలం విరామం కింద రాదు. అప్పుడు మీరు ఉద్యోగంలోనే ఉన్నారు. రాజీనామా తేదీ నుంచే లెక్క.

ఆ వరుస కింద, ఈ ఏళ్లలో చేసిన పనికొచ్చే పనులు రాయండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు చూశారా? డ్వాక్రా సంఘం పుస్తకాలు రాశారా? కుటుంబ దుకాణంలో బిల్లింగ్ చేశారా? ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పారా? ఇవన్నీ అనుభవమే. 'హోమ్ మేనేజర్' లాంటి పెద్ద పదవులు మాత్రం సృష్టించుకోవద్దు. ఇంటి పని తక్కువని కాదు. ఈ ఉద్యోగానికి మీరు ఎలా పనికొస్తారో ఆ మాట చెప్పదు, అంతే.

తీసేయాల్సినవి

• తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, వివాహ వివరాలు
• ఆధార్, పాన్, పాస్‌పోర్ట్ నంబర్లు. రెజ్యూమే ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు
• ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా. ప్రాంతం, ఊరు పేరు చాలు
• అభిరుచులు, చివర్లో డిక్లరేషన్, సంతకం
• డిగ్రీ ఉన్నవారికి పదో తరగతి మార్కులు, ప్రకటనలో అడిగితే తప్ప

పేరు, సర్టిఫికెట్లు

మన దగ్గర తరచూ వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటాయి. ఇప్పుడు గుర్తింపు కార్డుల్లో ఉన్న పేరునే రెజ్యూమేలో వాడండి. పేరు మార్పు అడిగితే చూపించడానికి మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. డిగ్రీ సర్టిఫికెట్, పాత ఆఫీసు రిలీవింగ్ లెటర్ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. పోయినవాటికి నకళ్లు తెచ్చుకోవడానికి సమయం పడుతుంది.

పంపే ముందు

రెండు పేజీలు దాటనివ్వకండి. పెద్ద సంస్థల్లో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది కాబట్టి టేబుళ్లు, బొమ్మలు, రంగుల డబ్బాలు లేకుండా మామూలు అక్షరాల్లో ఉంచండి. ప్రకటనలోని మాటల్లో మీకు నిజంగా వచ్చినవి అదే పేరుతో రాయండి. పీడీఎఫ్‌గా మార్చి, ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. చిన్న ఆఫీసులు వాట్సాప్‌లో పంపమంటాయి. ఫైలు ఒక్కటే పడేయకుండా మీరెవరు, ఏ పనికి, ఎప్పుడు చేరగలరు అని మూడు వరుసలు జతచేయండి.

ఉద్యోగం ఇస్తామంటూ రిజిస్ట్రేషన్ డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

చివరగా ఒక పరీక్ష. ఇంట్లో తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే పిల్లలుంటే రెజ్యూమే వాళ్ల చేతికిచ్చి, అర నిమిషం తర్వాత వెనక్కి తీసుకోండి. 'అమ్మ ఏ ఉద్యోగానికి రాసింది? అమ్మకు ఏం వచ్చు?' అని అడగండి. రెండింటికీ సరైన జవాబు వస్తే పంపవచ్చు. రాకపోతే పైనున్న నాలుగు వరుసలు తిరగరాయండి. ఈ ఆదివారం ప్రకటనలు సేకరించడంతో మొదలుపెట్టండి.