పాటకు పట్టం సరే... సభకు చూపరులేరీ?

హసన్‌పర్తి: పాట వినేవారికి కొదవ లేదు. పాటకు బహుమతి ఇచ్చే సభను టీవీలో కూర్చుని చూసేవారే తగ్గిపోతున్నారు. ఇది ఒక్క మన ప్రాంతపు ముచ్చట కాదు. అమెరికాలోనూ ఇదే తీరు.

అక్కడి గ్రామీ సంగీత అవార్డుల సభను 2012లో దాదాపు 4 కోట్ల మంది టీవీలో తిలకించారు. గాయని విట్నీ హ్యూస్టన్ ఆ ముందురోజే మరణించడంతో ఆ ఏడు చూపరులు పెరిగారు. కరోనా కాలంలో, 2021లో, ఆ సంఖ్య 88 లక్షలకు పడిపోయింది. 2024లో 1 కోటి 69 లక్షలకు లేచినా, 2025లో 1 కోటి 54 లక్షలకు దిగింది.

సెల్‌ఫోన్‌లోనే సభ

సభ మూడు గంటలకు పైగా సాగుతుంది. నడుమ ప్రకటనలు. మెచ్చిన ఘట్టం మాత్రం కాసేపటికే సెల్‌ఫోన్‌లోకి వచ్చేస్తుంది. ఇక అంతసేపు కూర్చునేదెవరు?

ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగ బిడ్డ చంద్రబోస్ రాసిన ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది 2023 మార్చి 13న. మన దగ్గర అది సోమవారం పొద్దున, జనం పనులకు బయలుదేరే వేళ. సభ మొత్తం చూసినవారు ఎందరున్నా, ఆ కాసింత ఘట్టాన్ని సెల్‌ఫోన్‌లో చూడనివారు అరుదు.

ఊరంతా కదిలిన పాట

అదే నెలలో విడుదలైన ‘బలగం’ చిత్రాన్ని తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి మరీ చూశారు. దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిన చివరి పాటకు ఆడా మగా కంటతడి పెట్టారు. ఆ చిత్రంలోని ‘ఊరు పల్లెటూరు’ పాట రాసిన మన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు ప్రకటించారు. తమదనుకున్న పాట కోసం జనం కదలి వస్తారనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

అసలు చిక్కు

చూపరులు తగ్గితే ప్రకటనల రాబడి తగ్గుతుంది. రాబడి తగ్గితే సభల్లో తారలకే చోటు. పల్లె గాయకులకు వేదిక కరవు. మూత్రపిండాల వ్యాధితో బాధపడిన మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. పేరు వచ్చినంత మాత్రాన కళాకారుడి కష్టం తీరదని ఆయన జీవితమే చెబుతుంది.

టీవీ సభల సంగతి ఎలా ఉన్నా, ఊరి వేదిక ఊరి చేతిలోనే ఉంది. ఎర్రగట్టు గుట్ట జాతర వంటి సందర్భాల్లో చుట్టుపక్కల గాయకులను పిలిచి పాడించి, తగిన పారితోషికం ఇస్తే కొంతమేలు. అక్కడ చూపరులకు ఎన్నడూ కొదవ ఉండదు.