మీకు తెలుసా? పద్దు రాయడం వేరు, లెక్క తేల్చడం వేరు

■ బుక్‌కీపింగ్, అకౌంటింగ్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. మన పాత దుకాణాల భాషలో చెబితే తేడా ఇట్టే తెలుస్తుంది. ఏ రోజు లావాదేవీ ఆ రోజే చిట్టాకెక్కించి, ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్లది రాసి, అంకణా సరిపోయిందో లేదో చూసుకోవడం బుక్‌కీపింగ్. ఆ అంకెలు పట్టుకుని లాభమెంత, ఆస్తి ఎంత తరిగింది, బాకీలెన్ని అని తేల్చేది అకౌంటింగ్.

■ ఉదాహరణకు శంషాబాద్ విమానాశ్రయాన్ని చూడండి. అక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. విమానం దిగిన ప్రతిసారీ టైర్ల రబ్బరు దాని మీద నల్లగా అంటుకుంటుంది. రన్‌వే కూడా ఏటికేడు అరుగుతుంది. ఆ అరుగుదలకు ఎవరూ బిల్లు పంపరు. రసీదు కోసం గుమాస్తా ఎదురుచూస్తే ఆ పద్దు ఎప్పటికీ పడదు. రన్‌వే ఎన్నేళ్లు పనికొస్తుందో అంచనా కట్టి ఏటా ఇంత తరుగు అని అకౌంటెంట్ తేల్చాకే అది పుస్తకంలోకి వస్తుంది.

■ ఈ విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలైంది. ఒప్పందం ప్రకారం దాన్ని నడిపే సంస్థ తన స్థూల ఆదాయంలో 4 శాతం కేంద్రానికి కన్సెషన్ ఫీజుగా చెల్లించాలి. మొదటి పదేళ్ల ఫీజును మాత్రం తర్వాత వాయిదాల్లో కట్టే వెసులుబాటు ఉంది. ఆ పదేళ్ల నగదు పుస్తకం వెతికితే ఈ ఫీజు కనిపించదు. బాకీ మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చింది.

■ ఇక మన జేబుకు తగిలిన సంగతి. 2010 నవంబరు నుంచి ఇక్కడ విమానమెక్కేవారు యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు కింద దేశీయ ప్రయాణానికి 430, విదేశీ ప్రయాణానికి 1,700 రూపాయలు కట్టేవారు. పన్ను అదనం. 2014 ఏప్రిల్ 1 నుంచి అది సున్నా! చిట్టాలో పద్దులు అవే. లెక్కగట్టే పద్ధతి మారింది. మీరు చుట్టాలను దింపడానికి వెళ్లి పార్కింగ్‌కు ఇచ్చిన డబ్బునూ, దుకాణాల ఆదాయాన్నీ విమాన సేవల ఆదాయంతో ఒకే గల్లాలో కలిపి చూడాలని నియంత్రణ సంస్థ ‘ఏరా’ నిర్ణయించింది. ముఖ్యంగా అందువల్లే ఫీజు ఎగిరిపోయింది. విషయం హైకోర్టుకెక్కింది, 2015 చివర్లో ఫీజు మళ్లీ వచ్చింది. 2016 పౌర విమానయాన విధానం మధ్యేమార్గం పట్టింది: పార్కింగ్, దుకాణాల వంటి ఆదాయంలో 30 శాతాన్నే విమాన ఛార్జీలు తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు. టికెట్ ధర చూసి కంగారుపడే మనం ఈ ‘గల్లా’ తగాదాను కూడా గమనిస్తూ ఉండాలి.

■ పద్దులు రాయడానికి లైసెన్సు అక్కర్లేదు. కంపెనీ ఆడిట్ నివేదిక మీద సంతకం మాత్రం చార్టర్డ్ అకౌంటెంటే చేయాలి.

■ పద్దే అబద్ధమైతే? హైదరాబాద్ దాన్ని 2009 జనవరి 7న చూసింది. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. పుస్తకంలోని నిల్వనూ బ్యాంకు స్టేట్‌మెంటునూ పక్కపక్కన పెట్టి సరిచూడటం బుక్‌కీపింగ్‌లో తొలిరోజుల్లోనే నేర్పే పని.